ఎనిమిదో తరం సీసా

మధురను నాయకరాజులు సుమారు రెండు వందల ఏళ్లు ఏలారు. 1529లో విశ్వనాథ నాయకుడితో మొదలైన ఆ ఏలుబడి 1730లలో రాణి మీనాక్షి దగ్గర ఆగిపోయింది. నడుమ తిరుమల నాయకుడు 1636లో కట్టించిన మహలు స్తంభాల సున్నపు నునుపును యాత్రికులు ఈనాటికీ అరచేత్తో తడిమి చూసిపోతుంటారు. ఆ కట్టడానికీ కాలం చెల్లి, 1866–72 మధ్య మద్రాసు గవర్నరుగా ఉన్న నేపియర్ దొర మరమ్మతు చేయించవలసి వచ్చిందనుకోండి. రెండు శతాబ్దాలు దాటాక వచ్చిన మరమ్మతుకు వంక పెట్టడానికి మనకు నోరెక్కడిది?

మన కాలంలోనూ ఒక మహావంశం ఉంది. పుచ్చు తీసిన పంటిలో పెట్టే తెల్ల సిమెంటును పంటికి అతికించే జిగురు వంశం అది. దంతవైద్యులు దాన్ని బాండింగ్ ఏజెంటు అంటారు. చిటికెన వేలంత సీసాలో కాపురం. మొదటి తరం 1950లలో పుట్టింది. ఎనిమిదో తరానికి 2010 ప్రాంతంలో పట్టాభిషేకమైంది. అరవై ఏళ్లలో ఎనిమిది తరాలు! ఒక రాజు గద్దె మీద సర్దుకుని కూర్చోకముందే పక్కగదిలో వారసుడికి తిలకం దిద్దేస్తారు. ఈ వంశావళి రాసిందెవరయ్యా అంటే ఎక్కువగా సీసాలమ్మే వాళ్లు, వాళ్ల వెనకాలే పాఠ్యపుస్తకాలు. బెల్జియంలో లూవెన్ విశ్వవిద్యాలయానికి చెందిన వాన్ మీర్‌బేక్ బృందం ఈ తరాల గోల పక్కకు నెట్టి, ముందు యాసిడ్ పెట్టి కడిగాక పూసేవి, తమలోనే యాసిడ్ దాచుకుని పంటిని కొరికేవి, గ్లాస్ అయానమర్ రకం అని మూడు గంపల్లో పోసింది. ఆ మూడు గంపల్లో అమ్ముకోవడానికి 'కొత్త' అనే మాట దొరకదు. అందుకే కంపెనీ ప్రతినిధి సంచిలో వాన్ మీర్‌బేక్ కనబడడు.

ఇంకా విడ్డూరం వినండి. 1990ల తొలినాళ్ల నాలుగో తరం జిగురుకు మూడు అంచెల పని: యాసిడ్ ఒకటి, ప్రైమర్ ఒకటి, జిగురు ఒకటి. ఇప్పటికీ కొత్తగా వచ్చినవాణ్ణి కొలవాలంటే పరిశోధకులు కొలబద్దగా ఆ ముసలాయన్నే నిలబెడతారు. ఏడో తరం వాడు అన్నీ ఒకే సీసాలో పోసుకుని, ఒకే పూతలో పని ముగిస్తానని వచ్చాడు. అన్నట్టుగానే పని తగ్గించాడు. దాంతోపాటు పట్టూ తగ్గించాడు. తరం పెరిగేకొద్దీ కండ తరిగే వంశానికి సంఖ్యలు పెంచుకుంటూ పోవడంలో ఆనందమేమిటో అమ్మేవాడికే తెలియాలి.

ఇక ఈ సీసా కారమడైకి చేరుతుంది. కోయంబత్తూరు నుంచి మేట్టుపాళయం పోయే దారిలో, నీలగిరుల పాదాల దగ్గర ఉన్న ఊరు ఇది. రంగనాథస్వామి గుడి, మాశి నెలలో తేరు, చుట్టూ పోకతోటలు, కరివేపాకు మడులు. ఇంట్లో తెలుగు, అంగడిలో తమిళం మాట్లాడుకుంటూ వందల ఏళ్లుగా గడుపుతున్న కుటుంబాలు ఈ చుట్టుపట్ల నాయుళ్లలోనూ ఉన్నాయి, అరుంధతీయుల పేటల్లోనూ ఉన్నాయి. వీళ్లలో తెలుగు చదవడం వచ్చినవాళ్లు తక్కువ. వక్క నమలడం రానివాళ్లు, ముఖ్యంగా అవ్వల్లో, ఇంకా తక్కువ.

ఆ అవ్వల పళ్ల మెడల దగ్గర, చిగురుకు ఆనుకుని, గొడ్డలితో నాటు పెట్టినట్టు గాట్లుంటాయి. గులాబీరంగు పళ్లపొడి వేలికద్దుకుని అడ్డంగా రుద్దడం, పిల్లలు కొనిచ్చిన గట్టి బ్రష్షుతో మరింత అడ్డంగా రుద్దడం, ఇన్నేళ్ల పోకచెక్క నమలడం అన్నీ కలిసి తీసిన గాట్లవి. చల్లనీళ్లు తగిలితే ప్రాణం జివ్వుమంటుంది. దంతవైద్యులు ఈ చోటును క్లాస్ ఫైవ్ అంటారు. తెల్ల సిమెంటుకు ఇంతకు మించిన కఠినపరీక్ష లేదు. ఎందుకంటే ఆ గాటు పై అంచు ఎనామెల్ మీద, కింది అంచు వేరు మీద ఉంటుంది. పై అంచున జిగురు ఏనాడో గెలిచింది. కింది అంచున మాత్రం ఈనాటికీ తంటాలు పడుతోంది.

పై అంచు గెలుపు 1955 నాటిది. అమెరికాలోని రాచెస్టర్‌లో మైకేల్ బ్యూనోకోర్ అనే దంతవైద్యుడు, లోహానికి రంగు వేసే ముందు ఫాస్ఫారిక్ యాసిడ్‌తో గరుకు చేయడం చూసి, అదే పని పంటికి చేస్తే పోలా అనుకున్నాడు. 85 శాతం యాసిడ్‌ను అర నిమిషం పెట్టాడు. ఎనామెల్ బరువులో 96 పాళ్లు ఖనిజమే. యాసిడ్ దాన్ని సన్నగా కొరికి కోట్ల గుంటలు చేస్తుంది, జిగురు ఆ గుంటల్లోకి దిగి గట్టిపడుతుంది. అంతే, లంకె పడింది. 1962లో రఫాయెల్ బోవెన్ బిస్-జీఎంఏ అనే రెసిన్ చేశాక తెల్ల సిమెంటుకు వెన్నెముక దొరికింది. ఈ డెబ్బై ఏళ్లలో యాసిడ్ గాఢత తగ్గింది తప్ప ఎనామెల్ మీద చేసే పని పెద్దగా మారలేదు. మారవలసిన అవసరమూ రాలేదు.

కింది అంచు డెంటిన్. దానిలో ఖనిజం బరువులో 70 పాళ్లే. 20 పాళ్లు కొల్లాజెన్ పోగులు, 10 పాళ్లు నీళ్లు. పైగా లోపల నరం దగ్గరి నుంచి సన్నని గొట్టాలు బయటికి పరుచుకుని ఉంటాయి. వెలుపల ఒక చదరపు మిల్లీమీటరులో ఇరవై వేలు, నరం దగ్గరైతే నలభై అయిదు వేలు. బతికున్న పంటిలో ఆ గొట్టాల్లోంచి తేమ ఎప్పుడూ ఊరుతూనే ఉంటుంది. అక్కడ యాసిడ్ పెడితే ఖనిజం కరిగిపోయి కొల్లాజెన్ వల మిగులుతుంది. ఆ వలలోకి జిగురు దిగి రెండూ కలిసిపోయిన పొరను 1982లో జపానులో నకబయాషి చూపించి, హైబ్రిడ్ పొర అన్నాడు. చాలా ఎండబెడితే వల కుప్పకూలి జిగురు దిగదు. చాలా తడి ఉంటే నీళ్లే చోటు తినేస్తాయి. 1990ల మొదట్లో జాన్ కంకా తడి మీదే అంటించమని చెప్పినప్పటి నుంచి లోకంలోని దంతవైద్యులందరికీ ఒకే ఆజ్ఞ: డెంటిన్ తడిగా ఉండాలి, తడిసిపోకూడదు. ఎంత తడో చెప్పే పుస్తకం నా కంట పడలేదు. వైద్యుడి కంటికే వదిలేశారు, ఆ కన్ను గోడ గడియారం మీద ఉన్నా సరే.

దీనికి తోడు, గట్టిపడటానికి నీలి దీపం పెట్టగానే సిమెంటు ఘనపరిమాణంలో నూటికి రెండు మూడు పాళ్లు ముడుచుకుంటుంది. ముడుచుకునేటప్పుడు ఏదో ఒక గట్టును లాగాలి కదా. పైగట్టు ఎనామెల్, పట్టు వదలదు. కిందిగట్టు డెంటిన్, లోకువ. అందుకని సందు పడేది చిగురు వైపే. సందులోంచి లాలాజలం, పాకే సూక్ష్మజీవులు, చక్కెర, సమస్తం లోపలికి. మైక్రోలీకేజీ అని దీనికి బిరుదు. వెండి రంగు పాతసిమెంటు అమాల్గంకు ఈ గొడవ తక్కువ. అది జిగురు లేకుండానే కూర్చుని, ఏళ్ల తరబడి తనకు పట్టిన తుప్పుతోనే తన సందును తానే పూడ్చుకునేది. కానీ అందులో పాదరసం ఉంది. 2013 నాటి మినమాటా ఒప్పందం దాన్ని తగ్గించమంది, ఐరోపా సమాఖ్య 2025 జనవరి నుంచి వద్దనేసింది. తుప్పుపట్టి కాపాడిన ముసలిది పోయి, తెల్లగా మెరిసి కారేది వచ్చిందన్న మాట.

సరే, ఏ జిగురు ఎంత కారుతుందో తేల్చేదెవరు? ఇప్పుడు యాగశాలలోకి వద్దాం.

ఎండీఎస్ చదువు మూడేళ్లు. పళ్లకు సిమెంటు, వేరు వైద్యం నేర్పే విభాగంలో చేరిన పిల్ల థీసిస్ రాయక తప్పదు. ఆ పిల్ల కారమడై నాయుళ్ల ఇంటిదే అనుకుందాం. కోయంబత్తూరులోనూ మధురలోనూ దంత కళాశాలలకు కొదవ లేదు. రోగి వెంట అయిదేళ్లు తిరిగి సిమెంటు నిలిచిందో లేదో చూసే తీరిక మూడేళ్ల చదువులో ఎక్కడిది? కాబట్టి పీకిన పళ్లు కావాలి. ఎత్తుపళ్లు సర్దడానికి క్లిప్పులు వేయించుకునే పదిహేనేళ్ల పిల్లల నోట్లో చోటు కోసం పీకే ప్రీమోలార్ పళ్లు ఇందుకు శ్రేష్ఠం. వాటికి పుచ్చుండదు, అరుగుదలుండదు, వక్క ముఖం ఎరగవు. అరవై ఏళ్లు పోక నమిలిన పంటి మీద ఏ జిగురు నిలుస్తుందో తేల్చడానికి తొమ్మిదో తరగతి కుర్రాడి పన్ను పరీక్షకు కూర్చుంటుంది.

విధానం ఇది. పంటి మెడ దగ్గర చక్కగా కొలత ప్రకారం గుంట తవ్వుతారు. అవ్వ పంటి గాటులా గాజులాగా మెరిసే గట్టిపడ్డ డెంటిన్ కాదు, అప్పుడే కోసిన తాజా డెంటిన్. జిగురు పూసి, సిమెంటు నింపి, దీపం పడతారు. తరవాత ఆ పళ్లను 5 డిగ్రీల నీళ్లలో ఒకసారి, 55 డిగ్రీల నీళ్లలో ఒకసారి ముంచి తీస్తారు. ఐఎస్ఓ మార్గదర్శకం చెప్పే లెక్క 500 సార్లు. వేడి కాఫీకీ చల్లనీళ్లకూ పన్ను పడే అవస్థకు ఇది నమూనా. గేల్, డార్వెల్ అనే పరిశోధకులు 1999లో వేసిన అంచనా ప్రకారం ఒక ఏడాది వాడుకకు ఇలాంటి మునకలు పదివేలు కావాలి. ఆ లెక్కన 500 మునకలు మూడు వారాలకు కూడా చాలవు. మధురలో వేడి ఇడ్లీ సాంబారు తిని, వీధి దాటి జిగర్తండా తాగేవాడు ఈ యంత్రాన్ని చూస్తే జాలిపడతాడు.

ఆ పైన పంటికి గోళ్లరంగు పూస్తారు. నిజంగా గోళ్లరంగే, ఫ్యాన్సీ షాపులో దొరికేదే. సిమెంటు అంచు చుట్టూ ఒక మిల్లీమీటరు వదిలి మిగతా పన్నంతా రెండు పూతలు, దొడ్డిదారిన రంగు దూరకుండా. వార్డులో డ్యూటీ కాబట్టి పిల్ల వేళ్లకు రంగు నిషేధం. ఆ ముచ్చట పళ్లు తీర్చుకుంటాయి. అప్పుడు మిథిలిన్ బ్లూ నీళ్లలో ఒక రోజు నానబెడతారు. మర్నాడు రంపంతో నిలువునా కోసి, సూక్ష్మదర్శిని కింద నీలం ఎంతదాకా పాకిందో చూసి 0, 1, 2, 3 అని మార్కులేస్తారు. సున్నా వస్తే కారలేదు, మూడొస్తే అడుగుదాకా వరద. ఇద్దరు పరీక్షకుల అంకెలు కలవకపోతే ఇద్దరూ కూర్చుని రాజీ పడతారు. పిమ్మట క్రుస్కల్–వాలిస్ అనే గణాంక దేవతను ఆవాహన చేస్తారు. దేవత తలూపితే తేడా గణనీయం, ఊపకపోతే గణనీయం కాదు.

ముగింపు మాత్రం పళ్లు పీకకముందే తెలుసు. ఏ జిగురూ కారడాన్ని పూర్తిగా ఆపలేదు. ఎనామెల్ అంచు కన్నా చిగురు అంచున ఎక్కువ కారింది. రోగుల మీద దీర్ఘకాల పరిశీలన ఇంకా అవసరం. ఆ దీర్ఘకాల పరిశీలన చేయవలసిన మనిషి ఈపాటికి బైండింగు షాపులో అట్టకు బంగారు అక్షరాలు కొట్టిస్తూ ఉంటుంది. తమిళనాడులో ఈ గ్రంథాల్లో చాలావాటి మీద ఎం.జి.ఆర్. పేరున్న విశ్వవిద్యాలయం ముద్ర పడుతుంది, ఆంధ్రలో ఎన్టీఆర్ పేరున్నది, తెలంగాణలో కాళోజీ పేరున్నది. ఇద్దరు నటులు, ఒక కవి. నీలం మాత్రం మూడుచోట్లా ఒకటే.

పిల్లను తప్పు పట్టి లాభం లేదు. గైడు చెప్పిన పని చేసింది. గైడు తన గైడు చెప్పిన పని చేశాడు. తప్పు ఆ నీలాన్ని దేవుడి తీర్పనుకున్న చదువుది. మిథిలిన్ బ్లూ అణువు వెడల్పు ఒక నానోమీటరు చుట్టుపక్కల. పుచ్చు తెచ్చే సూక్ష్మజీవి దానికి వందల రెట్లు లావు. చీమ దూరిన సందులోంచి ఏనుగు వచ్చేసిందని టముకు వేయడం ఇది. ఈ సంగతి బయటపెట్టినవాడు కంపెనీల మీద కత్తి దూసే ఉద్యమకారుడు అనుకునేరు. సీగ్వర్డ్ హైంట్సే సీసాలమ్మే కంపెనీలోనే పరిశోధకుడు. రంగు పరీక్షలో వచ్చిన మార్కులకూ రోగి నోట్లో సిమెంటు ఆయుష్షుకూ పొంతన దొరకడం లేదని ఆయన 2007లోనూ, మళ్లీ 2013లోనూ పాత అధ్యయనాలన్నీ జల్లెడ పట్టి రాశాడు. వేరు వైద్యానికి పేరున్న జర్నల్ ఆఫ్ ఎండోడాంటిక్స్ 2007లోనే ఇలాంటి లీకు పరీక్షల వ్యాసాలకు తలుపు వేసేసింది. అమ్మేవాడు నమ్మడం మానేశాడు, అచ్చువేసేవాడు అచ్చువేయనన్నాడు. మన యాగశాలల్లో మాత్రం నీలం నీళ్లు మారుస్తూనే ఉన్నారు.

నిజానికి కారమడై అవ్వకు మిథిలిన్ బ్లూ దేనికి? ఆకు, వక్క, సున్నం కలిస్తే ఎర్రరంగు నోట్లోనే తయారు. రంగు పరీక్ష రోజుకు నాలుగు విడతలు, బతికున్న పంటి మీద, గోళ్లరంగు ఖర్చు లేకుండా జరిగిపోతూ ఉంటుంది. సిమెంటుకూ పంటికీ నడుమ వెంట్రుకవాసి సందున్నా ఆ ఎరుపు వచ్చి గీత గీస్తుంది. గీత ఉంటే లీకు, లీకు ఉంటే లోపల పుచ్చు అని బళ్లో చదివివచ్చిన వైద్యుడికి ఆ గీత లంకెబిందె. "లీకైపోయిందవ్వా, తీసేసి కొత్తది పెడదాం. ఈసారి ఎనిమిదో తరం వేస్తా."

సిమెంటు అంచున రంగు పట్టినంత మాత్రాన లోపల పుచ్చిందని చెప్పలేమని లండన్‌లో ఎడ్వినా కిడ్ ఎన్నో ఏళ్ల కిందటే చూపించింది. చాలా గీతలు పాలిష్ పడితే పోతాయి. కానీ బిల్లు పుస్తకంలో పాలిష్‌కు వచ్చేదెంత, కొత్త సిమెంటుకు వచ్చేదెంత? తీసిన ప్రతిసారీ పాతసిమెంటుతో పాటు కాస్త మంచి పన్నూ కొట్టుకుపోతుంది. గుంట పెరుగుతుంది. పెద్ద గుంటకు పెద్ద సిమెంటు, పెద్ద సిమెంటుకు పెద్ద ముడుచుకుపోవడం. నాలుగో విడతకు నరం తగులుతుంది, వేరు వైద్యం. ఆపైన తొడుగు. ఆపైన పీకుడు. అంతా ఒక ఎర్ర గీత పుణ్యం.

వక్కను వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. పొగాకు కలపని వక్క కూడా కేన్సర్ కారకమేనని అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చి చెప్పింది. బుగ్గ లోపల తెల్లమచ్చ ఉందా, నోరు మూడు వేళ్ల వెడల్పు తెరుచుకుంటోందా అని చూడవలసిన దీపం, చిగురు దగ్గరి గీత మీద పడి అక్కడే ఆగిపోతుంది. మచ్చకు ఎమ్మార్పీ లేదు.

ఈ వక్క సంగతిలోనే ఇంకొక తమాషా దాగుంది. డెంటిన్‌లోని కొల్లాజెన్ వలలోకి జిగురు పూర్తిగా దిగదు; అడుగున కొన్ని పోగులు దిక్కులేకుండా మిగిలిపోతాయి. పంటిలోనే నిద్రపోతున్న ఎంజైములు యాసిడ్ తగలగానే లేచి, నెలలూ ఏళ్లూ పట్టి ఆ పోగుల్ని నమిలేస్తాయి. అందుకే మొదటి రోజు ఉడుం పట్టు పట్టిన సిమెంటు మూడో ఏడు చిగురు వైపు నోరు తెరుస్తుంది. దీనికి విరుగుడుగా పరిశోధకులు కొల్లాజెన్ పోగుల్ని ఒకదానికొకటి ముడివేసే పదార్థాలు పూసి చూస్తున్నారు. గ్లుటరాల్డిహైడ్ ఒకటి, ద్రాక్షగింజల సారం ఒకటి. దీనికి బయోమోడిఫికేషన్ అని నోరు తిరగని పేరు.

కారమడై ఉన్న ఈ కొంగునాట కరెంటు మోటార్లు రాకముందు, బావుల్లోంచి పొలాలకు నీళ్లు తోడింది తోలుసంచులు. ఆ తోలు పదును చేసి, కుట్టి, నీళ్లు కారకుండా చేసి ఇచ్చిన చేతుల్లో చాలా చేతులు తెలుగు మాట్లాడే అరుంధతీయులవి. తంగేడు చెక్క, కరక్కాయ నానబెట్టిన నీళ్లలో తోలు ఊరుతుంది. అందులోని టానిన్లు కొల్లాజెన్ పోగుల్ని ముడివేస్తాయి. తోలు కుళ్లదు, చివకదు. తోలులో ఉన్నదీ డెంటిన్‌లో ఉన్నదీ ఒకే రకం కొల్లాజెన్. ద్రాక్షగింజలో ఉన్నదీ, తంగేడు చెక్కలో ఉన్నదీ, ఆ మాటకొస్తే వక్కలో ఉన్నదీ ఒకే కుదురు పదార్థం. కారమడై మాశి తేరుకు భక్తులు తోలు తిత్తులతో నీళ్ల సేవ చేస్తారు. నీళ్లు నింపిన తోలు సందు విడవకుండా చూడటం ఈ ఊరికి ఎనిమిదో తరం నేర్పవలసిన విద్య కాదు. అయినా ద్రాక్షగింజల వ్యాసాల అడుగున ఉండే ఆ పొడవాటి పేర్ల వరసలో ఏ చర్మకారుడి పేరూ ఉండదు. ఊరే పొలిమేర దాటి రానివ్వని మనిషిని పత్రిక రానిస్తుందా?

మరి లీకు నిజంగా తగ్గాలంటే ఏం చేయాలి? సీసా మీద అంటించిన కాగితాన్ని చదివితే చాలు. చదివినవాడు తక్కువ. పూసి, చిన్న బ్రష్షుతో ఇరవై సెకండ్లు రుద్దమంటుంది. ఇరవై సెకండ్లు చాలా పెద్ద కాలం, ఫోను మోగుతుంటే మరీ పెద్దది. లోపలి ద్రావకం ఆవిరయ్యేదాకా మెల్లగా గాలి ఊదమంటుంది. చాలాచోట్ల ఊదడం ఒకటే, ఉఫ్! మూత వెంటనే పెట్టమంటుంది. అసిటోన్ కలిసిన సీసా మూత తీసి ఏసీ గాలి కింద సాయంత్రం దాకా వదిలేస్తే, అందులో మిగిలేది జిగురు కాదు, జ్ఞాపకం. కొన్నింటిని ఫ్రిజ్‌లో పెట్టమంటుంది. మేట్టుపాళయం ఎండాకాలపు మధ్యాహ్నం కొరియర్ సంచిలో పడుకుని వచ్చిన సీసాకు ఆ సలహా కాస్త ఆలస్యం. నీలి దీపానికి బలం తగ్గిందో లేదో కొలిచే చిన్న పరికరం ఒకటుంది; దీపం కొన్న రోజున తప్ప దాని మొహం చూసినవాడు లేడు. దీపం మూతికి ఎండిపోయిన సిమెంటు బొట్లు నాలుగు, వెలుతురు ఆపడానికి పోటీ పడుతుంటాయి.

అన్నిటికన్నా ముఖ్యం, ఎంగిలి తగలకూడదు. అందుకు రబ్బరు డ్యామ్ అని ఒక పలచని షీటు ఉంది. పన్ను ఒక్కటే చిల్లులోంచి బయటికి వచ్చి, మిగతా నోరంతా కింద ఉండిపోతుంది. దీన్ని 1864లో న్యూయార్కు దంతవైద్యుడు శాన్‌ఫర్డ్ బార్నమ్ కనిపెట్టాడు. అంటే ఎనిమిది తరాల జిగురు వంశం మొత్తానికీ ముత్తాత వయసు. దీనికి తరాల సంఖ్య లేదు, ప్రకటన లేదు, సమావేశాల్లో దీని పేరిట లంచ్ లేదు. వేయడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ నిమిషాల్లో ఇంకొక రోగి కుర్చీ ఎక్కి దిగిపోవచ్చు. అందుకని దూది ఉండలు రెండు కుక్కి, "మింగకవ్వా, మింగక" అంటూ సీసా తెరుస్తారు. తీరా కారాక, ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఆ తరం మంచిది కాదు ఈ తరం వేద్దాం అంటారు.

కంటి విషయంలో మధుర అదృష్టవంతురాలు. 1976లో గోవిందప్ప వేంకటస్వామి అనే డాక్టరు, కీళ్లవాతంతో వంకరపోయిన వేళ్లతోనే, 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి పెట్టాడు. కత్తికి పేరు పెట్టి గొప్పలు పోలేదు. శుక్లం ఆపరేషన్‌లో ప్రతి మెట్టూ ప్రతి రోగికీ అదే వరసలో జరిగేలా పద్ధతి కట్టాడు. కంట్లో పెట్టే కటకం దిగుమతి ధరకు పేదవాడు అందుకోలేకపోతే 1992 నుంచి ఆరోల్యాబ్‌లో ఇక్కడే చేయించారు. అదే మధురలో పంటికి మాత్రం ఏ వేంకటస్వామీ పుట్టలేదు. దానికి దొరికింది తరాల సంఖ్య.

వంశవృక్షంలో పేరు ఎక్కని బంధువు ఒకడున్నాడు. గ్లాస్ అయానమర్. 1972లో ఇంగ్లండులో విల్సన్, కెంట్ లోకానికి పరిచయం చేశారు. దానికి వేరే జిగురు అక్కర్లేదు. పంటి కాల్షియంతో తానే రసాయనికంగా పట్టుకుంటుంది, ఫ్లోరైడ్ ఊరుస్తుంది, కాస్త తేమకు అలగదు. 1980లలో యో ఫ్రెంకెన్ టాంజానియాలో కరెంటు లేని పల్లెల్లో చేతి పనిముట్లతో పుచ్చు తీసి సిమెంటు నింపే పద్ధతి మొదలుపెట్టాడు; తరవాత లోకమంతా ఆ పద్ధతికి వాడుకున్నది ఈ గ్లాస్ అయానమర్‌నే. 2005లో లూవెన్ బృందమే రోగుల నోళ్లలో జరిగిన పరీక్షలన్నీ కూడి లెక్క చూస్తే, చిగురు దగ్గరి ఈ క్లాస్ ఫైవ్ గాట్లలో ఏటా ఊడిపోయేవి అన్నిటికన్నా తక్కువగా తేలింది గ్లాస్ అయానమర్‌లోనే. అట్టడుగున తేలింది ఒకే సీసా, ఒకే పూత వాడు. దీనికి లోపాల్లేవని కాదు. త్వరగా అరుగుతుంది, పంటిలా మెరవదు, కాస్త సుద్దముక్క చూపు. అవ్వ దవడపంటి మెడను చూసేదెవరు, తాత తప్ప? అయినా 'ముందు, తరవాత' ఫోటోల్లో అది బాగా రాదని చాలామంది సొరుగులో అడుగున పెట్టుకుంటారు.

మన థీసిస్ పిల్ల సెలవులకు కారమడై వచ్చింది. వాకిట్లో అవ్వ ఆకుకు సున్నం రాస్తూ, పోయినేడు పెట్టించుకున్న సిమెంటు చిగురు వైపు ఎర్రబడిందని నోరు తెరిచి చూపించింది.

"ఏమి కన్నూ, పళ్లలో లీకు గురించేగా నీ చదువంతా. నాది ఒకసారి చూడరాదా?"

"థీసిస్ అయిపోనీ అవ్వా. నోట్లో ఉన్న పంటిని చేర్చుకోవాలంటే ఎథిక్స్ కమిటీ, సంతకాలు, రెండేళ్లు వెంటపడి చూడటం. నాకంత టైము లేదు. నాకు పీకిన పళ్లు కావాలి."

"అంతేనా? అయితే రేపే పీకించుకొని తెస్తాను. అప్పుడు చూస్తావా?"

పిల్ల సెల్‌ఫోన్ దీపం వెలిగించి ఆ పన్ను కేసి కాసేపు చూసింది.

"పనికిరాదవ్వా. నీది వక్క పన్ను."